రెప్ప వెయ్యండి

పింఛను పుచ్చుకునేవాళ్లం ఏడాదికోసారి బతికే ఉన్నామని చూపించుకోవాలి. అందులో నామోషీ ఏముంది, సర్కారు సొమ్ము, అడగడం వాళ్ల పని. ఇదివరకు ఆఫీసుకి వెళ్లి ఒక ఫారం మీద సంతకం పెట్టి వచ్చేదాన్ని. కౌంటర్లో కూర్చున్నాయన తలెత్తి “బాగున్నారా మేడం?” అనేవాడు. “ఆఁ, ఇంకా ఉన్నాను” అనేదాన్ని. అక్కడితో రుజువైపోయేది.

ఈ ఏడు ఫోన్లోనే యాప్ ఉంది, ఇంట్లోంచి కదలక్కర్లేదన్నారు. మా తమ్ముడి కొడుకు ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. తెర మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత ఉంటుందట, ముఖం ఆ గీత దాటకుండా ఇమడాలట. “కొంచెం ఎడమకి అత్తయ్యా. అంత కాదు. గెడ్డం ఎత్తు. ఇప్పుడు రెప్ప వెయ్యి.” వేశాను. “అప్పుడే కాదు, గీత ఆకుపచ్చగా మారాక.” నాకు ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వస్తుంది? నీటికాసులు నా చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, రిటైరైన మూడేళ్లకి నడిమధ్య మిగిలిన కాస్త వెలుతురునీ మింగేశాయి. ఇప్పుడు నాకు 68. రెప్పలు మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి. ఎప్పుడు వెయ్యాలో చెప్పే గొంతు ఆ యాప్‌లో లేదు, అంతే. వాడు చెప్పడం, నేను వెయ్యడం, ఈలోగా క్షణం జారిపోవడం. నాలుగోసారి వాడే చదివి వినిపించాడు, ముఖంలో జీవం ఉన్నట్టు తేలలేదట. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. నేను అలాగే కూర్చుండిపోయాను.

దమయంతి గుర్తొచ్చింది. స్వయంవర మంటపంలో ఒక్క నలుడికి బదులు ఐదుగురు నలులు కూర్చున్నారు. నలుగురు దేవతలు, ఒకడు మనిషి. దేవతలు అనిమిషులు, రెప్ప వాల్చరు. రెప్ప వేసినవాడే తనవాడని తేల్చుకుంది ఆ పిల్ల. ఈ యాపులవాళ్ల ఉపాయం మన పురాణాల్లో ఎప్పుడో ఉందని గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. ఆ గొప్పలు నాకు పడవు. నాకు నచ్చింది ఏమిటంటే, ఆవిడ రెప్ప ఒక్కటే చూడలేదు. పాదాలు నేలకి ఆనాయా, మెళ్లో దండ వాడిందా, ఒంటికి చెమట పట్టిందా, నీడ పడుతోందా, ఇవన్నీ చూసింది. నలుడి కళ్లకి ఆవేళ ఏ కట్టో ఉన్నా, చెమట చూసి దండ వేసేసి ఉండేది.

మమ్మల్ని ప్రభుత్వంవారు కొన్నేళ్లుగా దివ్యాంగులంటున్నారు. దివ్యమైన అంగాలున్నవాళ్లకి రెప్పపాటు ఉండదు కదా, యాప్ పొరపడిందని ఎలా అంటాం? నా మోకాళ్లు ఈ మాట వింటే నవ్విపోతాయి.

మా నాన్నగారు మీమాంస చదువుకున్నవారు. వేసవి సాయంత్రాలు తెనాలిలో మా ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకి పాఠం చెప్పేవారు. నేను గడపకి ఇవతల, గుమ్మం లోపల కూర్చుని వినేదాన్ని. ఆ గడప దాటి అరుగు మీద కూర్చోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. యజ్ఞకర్మల్ని తర్కించే ఆ శాస్త్రానికి మూలం జైమిని సూత్రాలు, వాటిలో ఆరోది అధికారాధ్యాయం. అధికారం అంటే ఇక్కడ పెత్తనం కాదు, అర్హత. ఈ యజ్ఞం చెయ్యడానికి ఎవరు తగుదురు? ఫలం అందరికీ కావాలి, సుఖం పశువులకీ కావాలి; అయితే అంతా సాంగంగా చెయ్యగలిగినవాడే చెయ్యాలి అంటారు. భాష్యాల్లో, టీకల్లో దానికి ఉదాహరణలు వరసగా ఉంటాయి. యాగంలో కరిగిన నేతిలోకి చూడాలి, దాన్ని ఆజ్యావేక్షణం అంటారు, గుడ్డివాడు చూడలేడు. విష్ణుక్రమాలని కొన్ని అడుగులు వెయ్యాలి, కుంటివాడు వెయ్యలేడు. యాగం చేయించే అధ్వర్యువు చెప్పే మాట వినాలి, చెవిటివాడు వినలేడు. కాబట్టి వీళ్లకి అధికారం లేదు. ఇంకాస్త ముందుకెళ్తే ఒక సడలింపు ఉంది. బాగుపడే లోపమైతే బాగుచేయించుకుని వచ్చి చెయ్యవచ్చు. పుట్టుకతో వచ్చి పోయేది కాకపోతే లేదు.

అప్పుడు నాకు పదకొండేళ్లుంటాయి. “నాన్నగారూ, ఆ గుడ్డాయన నేతిని వాసన చూడకూడదా?” అన్నాను లోపల్నుంచి. కుర్రాళ్లు నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. “అవేక్షణం అంటే చూడటమేనమ్మా” అని పాఠంలోకి వెళ్లిపోయారు.

ఆ అధ్యాయం మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఆడవాళ్లకి అధికారం ఉందా లేదా అన్న తగువు కూడా అందులోనే ఉంది. ఐతిశాయనుడనే ఆయన మగవాళ్లకే అన్నాడు, చివరికి మొగుడితో కలిసి మాకూ ఉందని ఒప్పుకున్నారు. శూద్రులకి మాత్రం లేదని తీర్మానించారు. అక్కడ బాదరి అనే ఒక్కడు లేచి అందరికీ ఉందన్నాడు. ఆయన మాటని పూర్వపక్షం కింద కట్టి పక్కన పెట్టారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినన్నాళ్లూ ఆ బాదరి దగ్గరకి వచ్చేసరికి నా గొంతు కొంచెం పెద్దదయ్యేదని నా శిష్యురాలొకతె అంటుంది. కావచ్చు.

చూపు పోయాక చుట్టాలు రెండు రకాల మాటలు తెచ్చారు. ఒకటి, ఫలానా ఊళ్లో పెద్ద డాక్టరున్నాడు, ఆపరేషన్ చేయిస్తే వస్తుందని. నీటికాసుల్లో పోయిన చూపు పోయినట్టే, ఉన్నది నిలబెట్టుకోవడమే వైద్యం. జైమిని సడలింపులాంటిదే ఇదీ: లోపం నీలో ఉంది, బాగుచేయించుకుని రా. రెండోది, ఏ జన్మలో చేసుకున్నదో అని. కర్మ సిద్ధాంతాన్ని నేను కొట్టిపారెయ్యను, దాని మీదే బతికిన ఇల్లు మాది. కాకపోతే అది నా కన్ను ఎందుకు పోయిందో చెబితే చెబుతుంది గానీ, కరెంటు బిల్లు కట్టే యాప్‌లో బటన్‌కి పేరెందుకు లేదో చెప్పదు. ఆ బటన్ నా పూర్వజన్మలోది కాదు. పోయిన ఏడు ఏదో ఆఫీసులో ఒక కుర్రాడు పెట్టింది.

బటన్‌కి పేరు అంటే చూపున్నవాళ్లకి తెలియకపోవచ్చు. నా ఫోన్లో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు ఒకటుంది. వేలు పెట్టి జరుపుతూ పోతే వేలి కింద ఏముందో చెబుతుంది. రెండుసార్లు తడితే అది నొక్కినట్టు. పంపించు, వెనక్కి, రద్దు అని దాని వెనక రాసి ఉంటే ఆ మాట పలుకుతుంది. రాయకపోతే ఉత్త “బటన్” అంటుంది. ఒకరోజు నా వేలు జరిగినంత మేరా బటన్, బటన్, బటన్, బటన్. నామరూపాలు కవలపిల్లల్లా కలిసే ఉంటాయని ఇన్నాళ్లూ క్లాసులో చెప్పాను. ఇక్కడ రూపం ఒక్కటే వచ్చింది, నామాన్ని ఇంట్లో వదిలేసి. నాకేమో ఈ లోకంలో మిగిలింది నామమే.

“పేరు పెట్టడం చాలా కష్టమా?” అని మా వాణ్ణడిగాను. సాఫ్ట్‌వేర్ వాడు, ఇంట్లోంచే పని.

“ఒక్క లైను అత్తయ్యా.”

“మరెందుకు పెట్టరు?”

కాసేపు కీబోర్డు చప్పుడు ఆగింది. “చివర్లో చూద్దాంలే అంటారు. చివర్లో టైముండదు.” ఇంకాస్త ఆగి, “నేనూ పెట్టలేదు, మొన్న చేసినదాన్లో” అన్నాడు.

మీమాంసలో అంగం, ప్రధానం అని రెండు మాటలున్నాయి. యాగం ప్రధానం, నేతిలోకి చూడటం, అడుగులెయ్యడం, దర్భలు పరచడం వగైరా అంగాలు. అంగాల్లో ఏదన్నా లోపిస్తే దాన్ని అంగవైకల్యం అంటారు. ఈ మాటని మనం మనుషులకి అంటగట్టి ఎన్నేళ్లయిందో గానీ, ఆ శాస్త్రంలో వైకల్యం మనిషికే కాదు, కర్మకీ ఉంటుంది. చేసిన పనిలో లోపం. ప్రతి పూజ చివరా మంత్రంలో, క్రియలో జరిగిన లోపాలకి మన్నించమని ఒక దణ్ణం పెట్టి లేస్తాం కదా, అది దానికే. నేను మనిషినేనని, నేను నేనేనని తేలడం ప్రధానం. రెప్ప వెయ్యడం అంగం. పేరులేని బటన్ కర్మలో ఉన్న అంగవైకల్యం. నాది కాదు.

నిత్యకర్మలకీ కామ్యకర్మలకీ మీమాంసకులు వేరే లెక్క పెట్టారు. కోరిక కోసం చేసేది కామ్యం, దాన్ని అన్ని అంగాలతో లోపం లేకుండా చెయ్యాల్సిందే, చెయ్యలేకపోతే మానెయ్. అగ్నిహోత్రంలాంటిది నిత్యం. మానడానికి వీల్లేదు. మానడానికి వీల్లేనిదానికి అన్ని అంగాలూ కుదిరి తీరాలంటే ఎలా? అందుకని యథాశక్తి చెయ్యమన్నారు. అంగం ఒకటి తగ్గినా ప్రధానం జరగాలి. ఈ సూత్రాన్ని నాన్నగారు ఎప్పుడూ ఆ గుడ్డాయనకి అన్వయించి చెప్పలేదు. నేను అన్వయించుకుంటున్నాను, ఆయన ఉంటే దెబ్బలాడేవారు.

ఇప్పుడు ఫోన్లో బ్యాంకు, ఫోన్లో రేషను, ఫోన్లో ఆస్పత్రి చీటీ. ఇవి కామ్యాలా, నిత్యాలా? పదేళ్ల కిందట అడిగితే కామ్యమే అనేదాన్ని, సుఖం మరిగినవాళ్ల ముచ్చట అని. ఇవాళ కౌంటర్లు ఒక్కొక్కటీ మూసుకుపోతుంటే ఆ మాట అనలేను. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ పార్దివాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చిన తీర్పు దీని గురించే. అడిగినవాళ్లలో ఒకావిడ యాసిడ్ దాడి తట్టుకుని బతికిన మనిషి. బ్యాంకు ఖాతా తెరవబోతే కెమెరా ముందు రెప్ప వెయ్యమన్నారు. రెప్ప వెయ్యలేని మనిషిని. ఇంకొకాయన పూర్తిగా చూపు లేనివారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. రెప్పపాటుతో పాటు వేరే దారులూ ఉండాలని, మొత్తం 20 ఆదేశాలు ఇచ్చింది. నా భాషలో చెప్పాలంటే దీన్ని కామ్యాల పట్టీలోంచి తీసి నిత్యాల్లో చేర్చారు. ఆ తీర్పుని మా వాడి చేత చదివించుకుని విన్నాను. రెప్ప దగ్గరకి వచ్చేసరికి మళ్లీ చదవమన్నాను.

అంతకు కొద్దినెలల ముందు, 2024 నవంబరు 8న, ఇంకో తీర్పు వచ్చింది. అది ఇంకా ముచ్చటైనది, పాఠం చెప్పే పంతులమ్మకి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్లో, సమాచారమూ ఎలక్ట్రానిక్ మాధ్యమాలూ మాకు అందేలా చూడాలని చెప్పింది. మరుసటి ఏడు దాని కింద రాసిన నియమాల్లో 15వ నియమం ఏ ప్రమాణాల్ని చూపించిందో, అవి మటుకు ఉంటే మంచిది, చేస్తే మేలు అన్న ధోరణిలో ఉన్నాయి. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం వాళ్ల చేత కోర్టు నివేదిక రాయించుకుంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం ఐచ్ఛికం చెయ్యడం చెల్లదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో రాయమని తేల్చింది. మీమాంస మొదటి పాఠం ఇదేగదా. చెయ్యాలి అని ఆజ్ఞాపించేది విధి. చేస్తే ఎంత బాగుంటుందో వర్ణించేది అర్థవాదం. అర్థవాదానికి సొంతంగా బలం లేదు, విధికి తోక పట్టుకుని నడవాలి. ఏడేళ్లుగా మనవాళ్లు తోకని పట్టుకుని ఆవు అనుకున్నారు.

తీర్పు రావడం వేరు, బటన్‌కి పేరు రావడం వేరు, అదీ నాకు తెలుసు.

“మీవాడున్నాడుగా, వాడు చేసిపెడతాడు.” ఎక్కడికెళ్లినా ఇదే మాట. మంచి మనసుతోనే అంటారు. చేసిపెడతాడు, నిజమే, బంగారంలాంటి పిల్లాడు. నా పిన్ నంబరు వాడికి తెలుసు, వాడి పెళ్లానికి తెలుసు, అవసరం పడి ఒకసారి పక్కింటావిడకీ చెప్పాను. పోయిన సంక్రాంతి ముందు వాడు ఏదో చూస్తూ, “అత్తయ్యా, ఈ రెండు వేలు ఎవరికి పంపించావు?” అన్నాడు. ఆరా తియ్యడానికి కాదు, ఊరికే. నా పాత శిష్యురాలు కష్టాల్లో ఉంది, ఎవరికీ చెప్పొద్దంది. బ్యాంకుకి ఆటోలో వెళ్లి, అక్కడి పిల్ల చేత పంపించాను. చెప్పకుండా ఉండటానికి వీల్లేక చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా డబ్బుకి నేను లెక్క చెప్పుకున్నందుకు కాదు, ఆ అమ్మాయి గుట్టు నా చేతిలోంచి జారినందుకు.

దీని గురించి కూడా ఆరో అధ్యాయంలో ఉంది. సోమలత దొరక్కపోతే పూతీకం వాడవచ్చు. వడ్లు లేకపోతే నివ్వరి ధాన్యం. వీటిని ప్రతినిధులంటారు, ఒకదాని బదులు ఇంకొకటి. ద్రవ్యానికి ప్రతినిధి ఉంది. యజమానికి లేడు. ఎవరి యాగమో వారే చెయ్యాలి, ఫలం వారిది గనక. మనం సరిగ్గా తిరగేసి పెట్టుకున్నాం. రెప్పకి బదులు వేలిముద్రో గొంతో తీసుకోమంటే కుదరదంటాం. మనిషికి బదులు మేనల్లుణ్ణి తీసుకోవడానికి మాత్రం క్షణం ఆలోచించం.

ఆజ్యావేక్షణం నాటి ఆయనకీ ఎవరో ఈ మాటే చెప్పి ఉంటారు, మీ తమ్ముడున్నాడుగా అని.

యాప్ నాలో జీవం తేల్చలేకపోయిన మర్నాడు ఆటో మాట్లాడుకుని పింఛను ఆఫీసుకే వెళ్లాను. కౌంటర్లో మనిషి మారాడు. “ఫోన్లో చేసుకోవచ్చుగా అమ్మా, ఇంత దూరం ఎందుకు?” అన్నాడు. అయినా నా వేలు తీసుకుని యంత్రం మీద ఆనించాడు, టక్కున పనైపోయింది. బతికే ఉన్నాను, వచ్చే ఏడు దాకా.

మా కింది వాటాలో ఒక కుర్రాడు అద్దెకుంటున్నాడు, వాళ్లమ్మతో. పుట్టుచెవుడు, మాట రాదు, ఫొటోలు సరిచేసే పని. అతని కార్డు పనిచెయ్యడం మానేస్తే బ్యాంకు ఇచ్చిన నంబరుకి వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఖాతాదారుడే మాట్లాడాలన్నారు. ఇక్కడ మటుకు యజమానికి ప్రతినిధి లేడన్న నియమం వాళ్లకి చక్కగా తెలుసు. అతను మాట్లాడలేడండీ, రాసి పంపుతాడు అంటే, రాత తీసుకునే ఏర్పాటు లేదన్నారు. ఆవిడ మెట్లెక్కి వచ్చి నా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది. తుడుచుకుందని నాకెలా తెలుసంటే, గాజుల చప్పుడు ముఖం దాకా వెళ్లి ఆగింది.

నాకూ ఆ కుర్రాడికీ మంచి స్నేహం. అతను నా ఎదురుగా కుర్చీలో కూర్చుని వాట్సాప్‌లో టైపు చేస్తాడు, నా ఫోను చదువుతుంది. నేను ఫోన్లో మాట్లాడతాను, అది అక్షరాలై అతని ఫోన్లో పడుతుంది. రెండు గజాల దూరం దాటడానికి మాటలు ఎక్కడెక్కడో తిరిగొస్తాయి. మధ్యలో కొన్ని కాళ్లు విరగ్గొట్టుకుంటాయి. నాన్నగారి పుస్తకం, మద్రాసులో అచ్చయిన తెలుగు లిపి సంస్కృతం, అతనే పేజీలు ఫొటోలు తీసి అక్షరాలుగా మార్చే ప్రయత్నం చేస్తున్నాడు నా కోసం. ఉత్త బొమ్మగా ఉన్నన్నాళ్లూ నా ఫోను దాన్ని ఖాళీ పేజీ కిందే లెక్కవేసింది. చెవితో విని నేర్చుకునే వేదం మీద రాసిన పుస్తకం, చెవికి అందకుండా పెట్టెలో పడి ఉంది. ఇప్పుడు పేజీకి సగం వస్తోంది. ఒత్తులు తిన్నగా రావు, రెండు మాటలు కలిసిపోతాయి. ఎక్కడ తప్పు పోయిందో నాకు వల్లెవేసిన చోటల్లా తెలిసిపోతుంది.

మొన్న ఆదివారం అతను అడిగాడు: ఇంతకీ ఈ పుస్తకం దేని గురించండీ?

ఫోను నోటి దగ్గర పెట్టుకుని, “మీమాంస. మా నాన్నగారికి ప్రాణం” అన్నాను.

చాలాసేపు జవాబు రాలేదు. తరవాత నా ఫోను ఆ తాపీ గొంతుతో చదివింది: మీ మాంసం మీ నాన్నగారికి ప్రాణమా? మీరు తినరు కదా అండీ?